మంచం వెనుక దాక్కున్న ప్లగ్గు

ఇల్లు – కరెంటు: పాఠకుల ప్రశ్నలకు ఒక వైరింగ్ కాంట్రాక్టరు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. ప్లగ్ పాయింట్లు ఎక్కడ పెట్టాలి, పెట్టినవి పనికిరాకుండా పోతే ఏం చేయాలి అని. హైదరాబాద్‌లో ఇళ్లకు వైరింగ్ చేయడమే నా బతుకుతెరువు. ఎక్కడికి వెళ్లినా నా కళ్లు ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు కోసం వెతుకుతాయి. అది కనిపించిందంటే ఆ గదిలో పాయింటు చోటు తప్పిందని లెక్క. సామాను ఎక్కడ ఉంటుందో తేల్చుకోకుండా పాయింటు ఎక్కడో తేల్చేయడమే అసలు రోగం. ఉత్తరాలను కొంత కుదించి వేస్తున్నాను.

అన్నగారూ, మేం బాచుపల్లిలో పెద్ద టవర్లున్న కాలనీలో మూడు పడకగదుల ఫ్లాటు తీసుకున్నాం. పడకగదిలో 5 పాయింట్లు ఇచ్చారు. మంచం వేశాక రెండు దాని తలవైపు చెక్క వెనక్కి పోయాయి, బీరువా వెనక్కి ఇంకొకటి పోయింది. ఇప్పుడు ఫోను చార్జింగ్ పెట్టాలంటే తలుపు దగ్గరి స్విచ్ బోర్డుకు వేలాడదీయాలి. గోడ కొట్టి మార్చుకుంటామంటే సొసైటీ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బాచుపల్లి

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉన్నట్టుంది మీ గది. అయినా సొసైటీ వాళ్ల మీద కోపం వద్దమ్మా, ఈ విషయంలో వాళ్లదే న్యాయం. ఇప్పుడు కడుతున్న పెద్ద టవర్లలో చాలా వాటికి ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం పలకలు బిగించి, మధ్యలో ఇనుము కట్టి, గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోస్తారు. మేస్త్రీలు దాన్ని మివాన్ పని అంటారు. పైపులు, బాక్సులు కాంక్రీటు పోయకముందే ఇనుముకు కట్టేస్తారు. ఆ గోడలే ఇంటి బరువు మోస్తాయి. మిషన్ పెట్టి గాడి కోస్తే లోపలి ఊచ బయటపడుతుంది, తెగినా తెగుతుంది. మీ పడకగదిలో చార్జర్ కోసం 14 అంతస్తుల గోడను గాయపరచకూడదు కదా.

దీనికి గోడ ముట్టుకోని దారి ఉంది. మంచం వెనుక దాక్కున్న పాయింటునే మూలంగా వాడుకోండి. గోడకూ మంచం తలకూ మధ్య ఒక ప్లైవుడ్ పలక పెట్టించండి, వెనుక రెండు అంగుళాల ఖాళీ ఉండేట్టు. పాత బాక్సులోంచి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు తీగలనూ పీవీసీ పైపులో ఆ ఖాళీ గుండా రెండు వైపులా తీసుకెళ్లి, పలక అంచుల్లో కొత్త బాక్సులు కోయించండి. రెండు షరతులు. పాత బాక్సుకు ఎదురుగా పలకలో తెరుచుకునే మూత ఉండాలి, జాయింట్లు ఎప్పటికీ చేతికి అందాలి. రెండోది, కొత్త పాయింట్లు 6 ఆంపియర్లవే పెట్టించండి. ఫోనుకు, దీపానికి అవి చాలు. అక్కడ హీటర్ పెట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టకూడదు.

ఇంకా ఇల్లు చేతికి రాని వాళ్లు ఒక లెక్క రాసుకోండి. పెద్ద మంచం వెడల్పు 6 అడుగులు. పక్క బల్ల మీద పాయింటు కనిపించాలంటే మంచం అంచుకు అర అడుగు అవతల ఉండాలి. అంటే గోడ మధ్య నుంచి ఇటు మూడున్నర అడుగులు, అటు మూడున్నర అడుగులు. గోడ 11 అడుగులైతే రెండు మూలల నుంచీ సరిగ్గా 2 అడుగుల దూరంలో పడతాయి. ఎత్తు నేల నుంచి 28 అంగుళాలు, అంటే పక్క బల్లకు కాస్త పైన. అదే బాక్సులో లైటుకూ ఫ్యానుకూ టూ-వే స్విచ్చులు పెట్టిస్తే రాత్రి లేచి తలుపు దాకా నడిచే పని తప్పుతుంది. మివాన్ ఇల్లు బుక్ చేసుకున్న వాళ్లు గోడలు పోయకముందే బిల్డరు దగ్గర ఎలక్ట్రికల్ డ్రాయింగ్ అడిగి తీసుకుని, దాని మీద మీ మంచం, బీరువా పెన్సిలుతో గీసి చూడండి. బిల్డరు మార్పులకు ఒప్పుకుంటే అప్పుడే ఒప్పుకోవాలి. పోసిన తర్వాత బతిమాలితే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అయ్యా, అల్వాల్‌లో మాకున్న 200 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నాం. గోడలు లేచాయి, వచ్చే వారం పైపులు వేస్తారట. ఎలక్ట్రీషియన్ పాయింట్లన్నీ నేల నుంచి అడుగు ఎత్తులో పెడతానంటాడు, అందంగా ఉంటుందట. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోనులో అక్కడ గోడ వెంబడి ప్రతి 12 అడుగులకూ ఒకటి ఉండాలని చట్టమని, మనమూ అలాగే పెట్టించాలని అంటాడు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, వంగలేదు. ఎవరి మాట వినమంటారు?
– రిటైర్డ్ ఉద్యోగి, అల్వాల్

మీ ఆవిడ మాట వినండి సార్.

మీ అబ్బాయి చెప్పింది తప్పు కాదు, కానీ అది అక్కడి లెక్క. అమెరికా నిబంధన ప్రకారం గోడ వెంబడి ఏ చోటు తీసుకున్నా 6 అడుగుల లోపు ఒక పాయింటు దొరకాలి. అందుకే రెండింటి మధ్య 12 అడుగులకు మించదు. అక్కడ గదికి సీలింగ్ లైటు లేకపోయినా నిలువు దీపాలు పెట్టుకుంటారు, వాటి తీగ 6 అడుగులు ఉంటుందన్న ఆలోచన దాని వెనుక ఉంది. మన గదిలో ఒక గోడకు తలుపు, ఒక గోడకు కిటికీ, ఒక గోడకు బీరువా. మిగిలిన గోడను టేపుతో కొలిచి పంచితే పాయింటు సరిగ్గా బీరువా వెనుకే పడుతుంది. దూరం కొలిచేముందు సామాను చోటు చూడండి.

ఎత్తు సంగతికొస్తే, అడుగు ఎత్తు అందం సోఫా వెనుక ఎవరికీ కనిపించదు. ఇంగ్లండులో కొత్త ఇళ్లకు సాకెట్లు నేల నుంచి 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 1,200 మిల్లీమీటర్లు దాటకూడదు అని పెట్టుకున్నారు. ముసలివాళ్లకూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ అందాలని. మన లెక్కలో అడుగున్నర నుంచి 4 అడుగులు. మీ ఇంట్లో రోజూ పెట్టి తీసే పాయింట్లు, అంటే ఇస్త్రీ పెట్టె, ఫోను, వాక్యూమ్ క్లీనర్ లాంటివి, రెండున్నర నుంచి 4 అడుగుల మధ్య పెట్టించండి. ఒకసారి పెట్టి మరిచిపోయేవి, టేబుల్ ల్యాంపు, వాటర్ కూలర్ లాంటివి, అడుగున్నర దగ్గర ఉన్నా ఇబ్బంది లేదు.

ఇప్పుడు పైపులు వేసే రోజు సంగతి. ఆ రోజు మీరూ మీ ఆవిడా సుద్దముక్క పట్టుకుని ఇంట్లో ఉండండి. మంచం, సోఫా, బీరువా, డైనింగ్ టేబుల్, టీవీ వీటిని నేల మీద గీయండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీయండి. తలుపు చెక్కలు ఇంకా బిగించరు కాబట్టి ఎలక్ట్రీషియన్‌కు అది తెలియదు, స్విచ్ బోర్డు తలుపు వెనుక పడితే లైటు వేయడానికి ముందు లోపలికెళ్లి తలుపు మూయాలి. బోర్డు గడియ వైపే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తు కొలిచేది ఎక్కడి నుంచి అన్నది. ఇప్పుడున్నది మట్టి నేల. దాని మీద కాంక్రీటు, ఆపైన టైల్స్ కలిసి మూడు నాలుగు అంగుళాలు లేస్తుంది, ఒక్కో గదిలో ఒక్కోలా. మేస్త్రీతో వాటర్ లెవెల్ పైపు పట్టించి ఇల్లంతా ఒకే ఎత్తున గీత కొట్టించి, కొలత ఆ గీత నుంచి చెప్పండి. లేకపోతే హాల్లో బోర్డు ఒక ఎత్తులో, పక్క గదిలో ఇంకో ఎత్తులో తేలుతుంది.

టీవీ దగ్గర ఒక మాట. ఒకే పాయింటు సరిపోదు. టీవీ, సెట్ టాప్ బాక్సు, సౌండ్ బార్, వైఫై పెట్టె అని నాలుగు తేలతాయి. కుర్చీలో కూర్చుని చూసే టీవీకి మధ్య గీత నేల నుంచి 42 అంగుళాల దగ్గర వస్తుంది. బాక్సును సరిగ్గా ఆ మధ్యలో పెట్టకండి, గోడకు బిగించే ఇనుప బ్రాకెట్ అక్కడికే వస్తుంది. ఒక పక్కకు, టీవీ అంచు లోపల దాగేంత దూరంలో ఉండాలి. అక్కడి నుంచి కింది క్యాబినెట్‌కు రెండు అంగుళాల ఖాళీ పైపు ఒకటి వేయించండి. ఇప్పుడు అది ఎందుకో అనిపిస్తుంది, రేపు కొత్త తీగలు వచ్చినప్పుడు తెలుస్తుంది.

పార్కింగ్‌లో విడిగా ఒక 16 ఆంపియర్ల పాయింటు, మూత ఉన్నది, 4 అడుగుల ఎత్తులో, దానికంటూ వేరే ఎంసీబీతో (భారం మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు) పెట్టించండి. ఇప్పుడు మీకు ఎలక్ట్రిక్ స్కూటర్ లేకపోవచ్చు. కింద అద్దెకొచ్చే వాళ్లకు ఉంటుంది, వాళ్లు కిటికీలోంచి వైరు లాగుతారు.

సార్, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాం. పాత ఇంట్లో ఒక గది, ముగ్గురం. గది మొత్తానికి తలుపు పక్కన స్విచ్ బోర్డులో ఒకే ప్లగ్గు. దాని నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, దానికి ఇంకోటి తగిలించి రెండు లాప్‌టాప్‌లు, మూడు ఫోన్లు, కెటిల్, ఇస్త్రీ పెట్టె వాడుతున్నాం. బాక్సు వేడెక్కుతోంది. ఇంటివాళ్లు గోడ కొట్టనివ్వరు.
– ఒక అభ్యర్థి, అశోక్‌నగర్

తమ్ముడూ, ముందు కెటిల్‌ను ఆ బాక్సు నుంచి ఈ రోజే తీసేయండి. లెక్క చిన్నది. కెటిల్ మీద 1500 వాట్లు అని రాసి ఉంటుంది. దాన్ని మన ఇళ్లకు వచ్చే 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మీ ప్లగ్గు 6 ఆంపియర్లది. కెటిల్ ఒక్కటే దాన్ని దాటేసింది. అది వేడెక్కుతుండగా ఇంకొకడు వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెడితే మొత్తం 11 ఆంపియర్లు ఆ సన్నటి తీగలో పోవాలి. ఫోన్లు, లాప్‌టాప్‌ల భారం ఏమీ కాదు, అన్నీ కలిపినా ఒక ఆంపియరు దగ్గరే.

ఎప్పుడైనా బాక్సులోంచి ప్లగ్గు లాగి దాని ముఖం చూశారా? రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం పడి, ప్లాస్టిక్ కొద్దిగా పొంగి, ప్లగ్గు ముల్లు నల్లబడి ఉంటే లోపలి ఇత్తడి రేకు వదులైందని అర్థం. వదులైన చోట కరెంటు దూకుతుంది, దూకిన ప్రతిసారీ కాలుతుంది. చేప మాడినట్టు ఒక రకమైన వాసన కూడా వస్తుంది. అలాంటి బాక్సును బాగు చేయించకూడదు, పారేయాలి. ప్లగ్గు తలలు తెంచి ఊరికే తీగల కొసలు రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్ల దోపే అలవాటు కూడా ఆ చుట్టుపక్కల హాస్టళ్లలో చూశాను. మీలో ఎవరికైనా అది ఉంటే మానుకోండి.

గోడ కొట్టకుండా పని జరిగే దారి కేసింగ్ కేపింగ్. తెల్లటి పీవీసీ పట్టీని గోడ మీద స్క్రూలతో బిగించి, దాని లోపల తీగలు వేసి మూత నొక్కేస్తారు. మీ పాత ఇంట్లో చెక్క బద్దీల మీద తీగలు వెళ్తుంటే అదీ ఇదీ ఒకే పద్ధతి, కొత్త దుస్తులు మాత్రమే. ఇంటివాళ్లను అడిగి మీ చదువుకునే బల్ల దగ్గర, బల్ల పైనుంచి ఒక గుప్పెడు ఎత్తులో, నాలుగు పాయింట్ల బాక్సు ఒకటి పెట్టించండి. కెటిల్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో 16 ఆంపియర్ల పాయింటు. సామాను కోఠి ట్రూప్ బజారులో దొరుకుతుంది, ముగ్గురు పంచుకుంటే పెద్ద ఖర్చు కాదు. ఖర్చు మీదైతే ఇంటివాళ్లు ఎక్కువసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే టీ బయట తాగండి.

నల్లకుంటలో మామగారు కట్టించిన ఇల్లు. వంటగది కొత్తగా చేయిస్తున్నాం. ఇన్నాళ్లూ ఒకే పాయింటు, మిక్సీ తీసి గ్రైండరు, గ్రైండరు తీసి ఓవెన్. ఎన్ని పెట్టించాలి, ఎక్కడెక్కడ?
– ఒక గృహిణి, నల్లకుంట

అమ్మా, ఎన్ని అని అడిగితే ఎవరైనా ఒక సంఖ్య చెప్పేస్తారు. నేను మీ వంటగదిలోకి వచ్చి చూసేదొకటే: ఉదయం 7 గంటలకు ఏవేవి ఒకేసారి తిరుగుతాయి? పచ్చడికి మిక్సీ, అన్నం కుక్కరు, పాలకు ఇండక్షన్, ఎవరో ఒకరు కెటిల్. ఇవి నాలుగూ తీయకుండా, మార్చకుండా ఉండగలిగితే పాయింట్లు సరిపోయినట్టు.

మిక్సీ 750 వాట్లు, రైస్ కుక్కరు 700 వాట్లు, గ్రైండరు ఇంకా తక్కువ. వీటికి 6 ఆంపియర్ల ప్లగ్గులు చాలు. ఇండక్షన్ 2000 వాట్లు, ఓవెన్, కెటిల్, ఎయిర్ ఫ్రయర్ ఇవన్నీ పెద్దవి, వీటికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులు కావాలి. అసలు మాట ఏమిటంటే, పవర్ ప్లగ్గులు నాలుగు పెట్టించి నాలుగింటినీ ఒకే తీగ మీద కలిపేస్తే ఒకటి పెట్టించినట్టే. ఇండక్షన్, కెటిల్ కలిస్తేనే 3500 వాట్లు, 15 ఆంపియర్లు దాటుతుంది. ఓవెన్ కూడా చేరితే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంది, పడకపోతే ఇంకా ప్రమాదం. డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి వంటగదికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో కనీసం రెండు వేర్వేరు లైన్లు తెప్పించండి. ఒకటి పొయ్యికి ఎడమ గట్టుకు, ఇంకొకటి కుడి గట్టుకు. ఎలక్ట్రీషియన్ వద్దంటాడు, తీగ ఎక్కువ పడుతుందంటాడు. పడనివ్వండి.

ఎత్తు: గట్టు నేల నుంచి 33 అంగుళాలుంటే, పాయింటు గట్టు మీద నుంచి 8 నుంచి 10 అంగుళాల పైన. అంతకంటే కిందికి దించితే గిన్నెల నీళ్లు, రుబ్బిన పిండి దాని మీదకే చిందుతాయి. పైకి పెంచితే మిక్సీ తీగ గాల్లో వేలాడుతుంది. పొయ్యి వెనుక గోడకు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, తీగ మంట మీదుగా పోతుంది, తాలింపు నూనె రంధ్రాల్లో పేరుకుంటుంది. పొయ్యికి రెండడుగులు, సింకుకు రెండడుగులు వదలండి. నల్లకుంట పాత ఇళ్ల వంటగదులు ఇరుకు, అంత దూరం దొరకకపోతే పక్క గోడ మీదకు తిప్పండి.

ఫ్రిజ్ పాయింటు ఫ్రిజ్ వెనుక పెట్టవద్దు. పక్కన, 4 అడుగుల ఎత్తులో. వెనుక పెడితే ప్లగ్గు మందానికి ఫ్రిజ్ ముందుకు పొడుచుకొస్తుంది, ఎప్పుడైనా ఆపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చిమ్నీ పాయింటు 7 అడుగుల దగ్గర, దాని పొగ గొట్టం కప్పే రేకు లోపల దాగేట్టు. వాటర్ ప్యూరిఫయర్ పాయింటు మాత్రం నీళ్ల పైపుకు పైన ఉండాలి. పైపు జాయింటు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది, కారిన నీరు కిందికే వస్తుంది.

ఈ లెక్కన మీకు గట్టు మీద 6 ఆంపియర్లవి నాలుగు, 16 ఆంపియర్లవి మూడు, ఫ్రిజ్, చిమ్నీ, ప్యూరిఫయర్ విడిగా. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌కు కలిపే కన్వర్టర్లు ఇంట్లో ఉంటే, పని పూర్తయ్యాక వాటిని చెత్తబుట్టలో వేయండి. దాచుకుంటే మళ్లీ వాడతారు.

సరూర్‌నగర్ చెరువు కింది కాలనీ మాది. 2020 అక్టోబరు వరదలో గ్రౌండ్ ఫ్లోర్‌లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. అప్పుడు తడిసిన ప్లగ్గులే ఆరబెట్టి వాడుతున్నాం. వైరింగ్ మార్పిద్దామనుకుంటున్నాం. ఏ ఎత్తులో పెట్టించాలి?
– ఒక పాఠకుడు, సరూర్‌నగర్

పైన అల్వాల్ ఉత్తరానికి జవాబులో అడుగున్నర, రెండున్నర అని చెప్పినవన్నీ మీ గ్రౌండ్ ఫ్లోర్‌కు వర్తించవు. మీకు కొలత నేల నుంచి కాదు, ఆనాటి నీటి మచ్చ నుంచి. గోడ మీద ఆ చార ఇంకా గుర్తుంటే దానికి అడుగు పైన మొదలుపెట్టండి, సాధారణంగా అది నాలుగున్నర అడుగుల దగ్గర తేలుతుంది. సోఫా పక్కన అంత ఎత్తులో ప్లగ్గు కొంచెం వికారంగానే ఉంటుంది. ఉండనివ్వండి.

ఎత్తు ఒక్కటే పెంచితే సగం పనే. పాత ఇంట్లో పైపులు నేలలోంచి పైకి వచ్చాయేమో చూడండి. అలా ఉంటే సాకెట్ ఎంత ఎత్తులో ఉన్నా పైపు నిండా బురద నీరు నిలుస్తుంది. కొత్త వైరింగ్ పై స్లాబు నుంచి కిందికి దిగాలి. డీబీ 5 అడుగులకు పైన. గ్రౌండ్ ఫ్లోర్‌కూ పై అంతస్తుకూ లైన్లు పూర్తిగా వేరు చేయించి, పై అంతస్తులోనే గ్రౌండ్ ఫ్లోర్‌ను ఆపే స్విచ్ పెట్టించండి. నీళ్లు గుమ్మం దగ్గరికి రాగానే పైనుంచి కింది కరెంటు ఆపి, పైన లైట్లు వేసుకుని కూర్చోవచ్చు. సంపు మోటారు స్టార్టర్, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా కిందే ఉంటాయి సాధారణంగా. వాటినీ లేపండి.

తడిసిన ప్లగ్గులు ఇన్నేళ్లు వాడుతున్నారంటే భయమేస్తోంది. లోపల ఇత్తడికి పచ్చటి తుప్పు పట్టి ఉంటుంది. వైరింగ్ మార్చే దాకా ఆగకుండా వాటిని ముందు మార్పించండి. పాత తీగలు ఉంచాలనుకుంటే 500 వోల్టుల మెగ్గర్‌తో (తీగ పైపూత ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పరీక్ష చేయించండి, ప్రతి లైనుకూ కనీసం 1 మెగా ఓం రావాలి. రాకపోతే ఆ తీగ పనికిరాదు. మళ్లీ నీళ్లొచ్చినప్పుడు నీళ్లలో నిలబడి మెయిన్ ముట్టుకోవద్దు. 1912కు ఫోను చేసి స్తంభం దగ్గరే తీయించండి.

ఆగ్నేయం అగ్ని మూల కాబట్టి ప్లగ్గులన్నీ ఆగ్నేయ గోడకే ఉండాలని మా వాస్తు పండితులు చెప్పారు. నిజమేనా?
– వనస్థలిపురం

మీటరు, డీబీ ఆగ్నేయంలో పెట్టుకోండి, వంటిల్లూ అక్కడే కాబట్టి తీగ కూడా కలిసొస్తుంది. ప్లగ్గులు మాత్రం పండితుల ఇంట్లో కూడా నాలుగు గోడలకూ ఉంటాయి, వెళ్లినప్పుడు చూడండి.

మణికొండలో అద్దె ఫ్లాటు. స్నానాల గదిలో షవర్ పక్కనే, భుజం ఎత్తులో గీజర్ ప్లగ్గు, స్విచ్చు ఉన్నాయి. తడి చేత్తో వేస్తే అప్పుడప్పుడు జిల్లుమంటుంది. గీజర్ మార్చాలా?
– ఒక ఉద్యోగిని, మణికొండ

గీజర్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ గీజర్‌ను ఆ స్విచ్చుతో వేయడం ఆపండి. డీబీలో గీజర్ ఎంసీబీ ఏదో కనుక్కుని దాన్ని దించి ఉంచండి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసే దాకా నీళ్లు పొయ్యి మీద కాచుకోండి.

జిల్లుమంటోందంటే రెండు తప్పులు కలిశాయి. ఎక్కడో కరెంటు లీకవుతోంది, దాన్ని భూమిలోకి తీసుకుపోవాల్సిన ఎర్త్ తీగ లేదు లేదా తెగింది. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన పై రంధ్రానికి తీగ ఉందని కాదు, చాలా పాత ఫ్లాట్లలో అది ఖాళీ రంధ్రమే. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి చూపించమనండి. బల్బు నిండుగా వెలగాలి. అలాగే సాకెట్‌కు ఎదురుగా నిలబడి ఎర్త్ రంధ్రం పైకి ఉండగా చూస్తే ఫేజ్ కుడివైపు రావాలి. ఎడమకు వచ్చిందంటే కలిపినవాడు అజాగ్రత్తగా కలిపాడు, మిగతా సాకెట్లూ విప్పి చూడాల్సిందే.

చోటు విషయం: షవర్ నీళ్లు పడే చోటుకు చుట్టూ రెండడుగుల్లో స్విచ్చూ, ప్లగ్గూ ఏవీ ఉండకూడదు. గీజర్ పాయింటు గీజర్ పక్కనే, 7 అడుగుల ఎత్తులో, షవర్‌కు ఎదురు గోడ మీద ఉండాలి. స్విచ్చు తలుపు బయట, అది వెలిగి ఉందో లేదో తెలిసే చిన్న ఎర్ర దీపంతో. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. అది తీగలో వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి, తేడా వస్తే క్షణంలో ఆపేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు, మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ మీద ఒక చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది అలంకారానికే ఉన్నట్టు.

ఇదంతా ఇంటి యజమాని చేయించాల్సిన పని. ఫోనులో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా అడగండి. వాయిదా వేస్తే ఆర్‌సీసీబీ ఒక్కటైనా మీ ఖర్చుతో వెంటనే పెట్టించి, అద్దెలో తగ్గించుకుంటానని ముందే చెప్పండి.

దీపావళికి సీరియల్ లైట్లు వేయాలంటే ప్రతి ఏడూ కిటికీలోంచి వైరు లాగుతున్నాం. కిటికీ మూయలేం, దోమలు. బాల్కనీలో పాయింటు పెట్టించవచ్చా, వానకు తడవదా?
– కూకట్‌పల్లి

నిక్షేపంగా పెట్టించవచ్చు. పిట్టగోడ మీద కాదు, ఇంటి గోడ మీద, పై స్లాబు నీడ పడే చోట, జల్లు కొట్టే దిక్కు కాకుండా పక్క గోడకు. 6 ఆంపియర్ల సాకెట్, స్ప్రింగుతో మూసుకునే వానమూత ఉన్నది అడగండి. ఎత్తు 6 అడుగుల పైన ఉంటే లైట్ల దండ అక్కడి నుంచే మొదలవుతుంది, పిల్లలకూ అందదు. దాని స్విచ్చు మాత్రం హాల్లో తలుపు పక్కన పెట్టించండి, రాత్రి ఆర్పడానికి బయటికి వెళ్లక్కర్లేదు. మీ బాల్కనీలోనే వాషింగ్ మెషీన్ కూడా ఉంటే ఆ 16 ఆంపియర్ల పాయింటు లైను వేరు, ఈ లైను వేరు. రెండూ ఆర్‌సీసీబీ కిందే రావాలి.